షుగరుకు బి.పి. తోడైతే
(సభ్యుల విద్యా కార్యక్రమం – ఆరోగ్య పాఠం)

పాలను కంటితో చూసి విలువ కట్టరాదని మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. చిక్కగా కనిపించిన పాలలో వెన్న శాతం తక్కువ రావచ్చు. పలచగా తోచిన పాలు పరీక్షలో నిలబడవచ్చు. అందుకే పూట పూటకూ నమూనా తీస్తాం, పరీక్ష చేస్తాం, వచ్చిన అంకెను పుస్తకంలో రాస్తాం, ఆ అంకె ప్రకారమే డబ్బు చెల్లిస్తాం.

మనిషి ఒంట్లోని రక్తపు పోటు, అంటే మనం బి.పి. అనేది, అచ్చం ఇటువంటిదే. మనిషిని చూసి చెప్పలేం. తలనొప్పి లేదు కనుక బి.పి. లేదనుకోవటం పాల రంగు చూసి వెన్న శాతం చెప్పటం వంటిది. అందులోనూ షుగరు వ్యాధి ఉన్నవారికి ఈ పొరపాటు చాలా ఖరీదైనది. ప్రతి సంచికలో పశుపోషణ గురించి రాస్తున్నాం. ఈసారి పశువును పోషించే మనిషి గురించి రాయదలచుకున్నాం.

దీనికి ఒక కారణం ఉంది. మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక గ్రామంలో ఎప్పుడూ పూటకు పదిహేను లీటర్లకు తక్కువ కాకుండా పోసే ఒక సభ్యుని ఖాతాలో రెండు లీటర్లే కనిపించాయి. విచారిస్తే సంగతి తెలిసింది. ఆయనకు పదేళ్ళకు పైగా షుగరు ఉంది. మధ్యలో బి.పి. కూడా ఉన్నదని డాక్టరు మాత్రలు రాశారు. మూడు నెలలు వాడి, మళ్ళీ చూపించుకుంటే బి.పి. సరిగానే ఉందన్నారు. తగ్గింది కదా అని మాత్రలు మానేశారు. ఏ బాధా లేదు గనుక ఆరేళ్ళ పాటు మళ్ళీ చూపించుకోలేదు. తరువాత పాదాలు వాచాయి, ఆయాసం వచ్చింది. పరీక్ష చేస్తే మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయని తేలింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు రక్తశుద్ధికి పట్నం వెళ్ళివస్తున్నారు. ఐదు గేదెలలో మూడింటిని అమ్మారు. ఒకటి ఒట్టిపోయింది. మిగిలిన దాని పాలు ఆయన భార్య సంఘానికి పోస్తున్నారు. ఆమె మాతో అన్న మాట ఇది: "మాత్రల డబ్బు మిగిలిందనుకున్నామయ్యా. గేదెలు పోతాయనుకోలేదు."

ఇటువంటి మాట మరో ఇంట్లో వినపడకూడదనే ఈ పాఠం.

రెండూ ఎందుకు కలిసి వస్తాయి?

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా షుగరు ఉంది. లెక్క కడితే సుమారు 10 కోట్ల మంది. బి.పి. ఉన్నవారు నూటికి 35 మందికి పైగా ఉన్నారు. నడి వయస్సులో వచ్చే రకం షుగరు ఉన్నవారిలో సగానికి పైగా జనానికి బి.పి. కూడా ఉంటుంది.

ఇది యాదృచ్ఛికం కాదు. పొట్ట పెరిగినవారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. మూత్రపిండాలు ఉప్పును బయటకు పంపక నిలవ చేసుకుంటాయి. ఉప్పుతో పాటు నీరూ నిలుస్తుంది, పోటు పెరుగుతుంది. కాలం గడిచేకొద్దీ రక్తనాళాలు బిరుసెక్కుతాయి, పోటు ఇంకా పెరుగుతుంది.

బోరు మోటారుకు బిగించిన గొట్టాన్ని తలచుకోండి. గొట్టం లోపల తుప్పు పట్టినా నీటి తాకిడి తక్కువైతే కొంతకాలం నిలుస్తుంది. గొట్టం గట్టిదైతే తాకిడి ఎక్కువైనా కొంతకాలం ఓర్చుకుంటుంది. తుప్పూ, తాకిడీ రెండూ కలిస్తే గొట్టం నిలవదు. రక్తనాళాలకు షుగరు తుప్పు వంటిది, బి.పి. తాకిడి వంటిది. ఈ రెండూ కలిసి గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్ళు, పాదాలను దెబ్బతీస్తాయి. గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం, చూపు పోవటం – ఇవన్నీ ఆ దెబ్బ ఫలితాలే.

పది అంకెల తేడా ఏమి చేసింది?

"షుగరు చూసుకుంటున్నాం కదా, బి.పి. కాస్త ఎక్కువైతే ఏమిటి?" అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో దొరికింది. ఫలితాలు 1998లో ప్రకటించారు. షుగరు, బి.పి. రెండూ ఉన్న 1,148 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు బి.పి.ని గట్టిగా అదుపు చేశారు. వారి సగటు 144/82 దగ్గర నిలిచింది. రెండో జట్టుకు అంత గట్టిగా చేయలేదు. వారి సగటు 154/87. తేడా పై అంకెలో 10, కింది అంకెలో 5 మాత్రమే.

ఎనిమిదేళ్ళకు పైగా గమనించిన మీదట, గట్టి అదుపు జట్టులో పక్షవాతం 44 శాతం తగ్గింది. షుగరు కారణంగా సంభవించే మరణాలు 32 శాతం తగ్గాయి. కళ్ళు, మూత్రపిండాల వంటి చోట్ల సన్న రక్తనాళాలకు కలిగే నష్టం 37 శాతం తగ్గింది. అంత చిన్న తేడాకు ఇంత పెద్ద ఫలితం వచ్చింది.

ఈ కథకు రెండో భాగం కూడా ఉంది. పరిశోధన ముగిసిన తరువాత రెండు జట్లకూ బి.పి. రెండేళ్ళలోనే ఒకే స్థాయికి వచ్చేసింది. 2008లో ప్రకటించిన ఫలితాలలో తేలినదేమంటే, బి.పి. తేడా పోయిన తరువాత ఆ మేలు కూడా నిలవలేదు. అంటే అదుపు ఉన్నంత కాలమే రక్షణ. పొదుగు వాపుకు కొన్ని రోజులు సూదులు వేయించి ముగించే వైద్యం కాదిది. రోజూ దాణా పెట్టటం వంటిది. గేదె బాగా పాలిస్తున్నది గనుక దాణా మానేద్దామని ఎవరూ అనుకోరు. దాణా పెడుతున్నాం కాబట్టే పాలిస్తున్నది. మాత్ర వేసుకుంటున్నాం కాబట్టే బి.పి. సరిగా ఉన్నది.

అంకె ఎంత ఉండాలి?

పాలకు వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం అని రెండు అంకెలు ఉన్నట్లే బి.పి.కీ రెండు అంకెలు. గుండె ముడుచుకొని రక్తాన్ని నెట్టినప్పటిది పై అంకె. గుండె సడలినప్పటిది కింది అంకె. రెండూ ముఖ్యమే.

షుగరు ఉన్నవారిలో చాలామందికి పెట్టుకోదగిన గురి 130/80 కంటే తక్కువ. ఇంకా తగ్గిస్తే మరింత మేలా అన్న విషయం మీద వైద్యులు చాలాకాలం వాదించుకున్నారు. 4,733 మందితో అమెరికా, కెనడాలలో జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. పై అంకెను 120 కంటే తగ్గించినా గుండె జబ్బులు, మరణాలు మొత్తం మీద చెప్పుకోదగినంత తగ్గలేదు. పక్షవాతం మాత్రం తగ్గింది. మందుల చెడు ఫలితాలు ఎక్కువయ్యాయి. 2024లో చైనా నుంచి 12,821 మందితో జరిగిన పరిశోధన వెలువడింది. అందులో 120 కంటే తగ్గించినవారికి గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు 21 శాతం తక్కువయ్యాయి. అయితే బి.పి. మరీ పడిపోయి కళ్ళు తిరగటం, రక్తంలో పొటాషియం పెరగటం వారిలోనే ఎక్కువ కనిపించాయి. కాబట్టి 130/80 దాటి ఇంకా కిందికి దించాలా అన్నది మనిషిని బట్టి డాక్టరు నిర్ణయించాలి. తూలి పడిపోయే వృద్ధులకు, బాగా నీరసించినవారికి గురి కొంత సడలించటమే మంచిది.

సరిగా కొలవటం ఎలా?

నమూనా సరిగా తీయకపోతే పరీక్ష తప్పుతుంది. క్యాను కలపకుండా పైనుంచి నమూనా తీస్తే వెన్న ఎక్కువ చూపుతుందని మన పరీక్షకునికి తెలుసు. బి.పి.కి కూడా నియమాలున్నాయి.

కొలతకు ముందు అరగంట పాటు టీ, కాఫీ, బీడీ, చుట్ట పనికిరావు. మూత్రానికి వెళ్ళివచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు కదలక కూర్చోవాలి. చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీని చొక్కా మీద కాక ఒంటి మీద చుట్టాలి. లావు చేతికి పెద్ద పట్టీ వాడాలి. చిన్న పట్టీతో కొలిస్తే బి.పి. లేనిది ఉన్నట్లు చూపుతుంది. కొలిచేటప్పుడు మాట్లాడరాదు. ఒకటి రెండు నిమిషాల ఎడంతో రెండుసార్లు కొలిచి, రెండింటి సగటు రాసుకోవాలి. పాల క్యాను మోసుకొచ్చి, ఆయాసపడుతూ కొలిపించుకున్న అంకెకు విలువ లేదు.

షుగరు ఉన్నవారిని నిలబెట్టి కూడా కొలవాలి. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి నరాలు దెబ్బతిని, లేచి నిలబడగానే బి.పి. పడిపోవచ్చు. మన పనిలో ఇది ముఖ్యమైన సంగతి. గొంతుక్కూర్చొని పాలు పితికి, బకెట్టుతో లేచినప్పుడు కళ్ళు చీకట్లు కమ్మితే "నీరసం" అని సరిపెట్టుకోకండి. డాక్టరుకు చెప్పండి. మందు మోతాదు మార్చవలసి రావచ్చు. ఈలోగా పాలు పితికాక ఒక్క నిమిషం ఆగి, గుంజ పట్టుకొని నెమ్మదిగా లేవండి.

పై అంకె 180 గాని, కింది అంకె 120 గాని దాటి, దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారటం, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు పడిపోవటం వంటివి ఉంటే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయరాదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ముఖం వంకర, మాట తేడా, చేయి పడిపోవటం – వీటికి బి.పి. అంకెతో పని లేదు. వెంటనే బయలుదేరాలి.

మందుల సంగతి

ఏ మందు ఎవరికో డాక్టరే నిర్ణయించాలి. అయినా మన ఇంట్లో వాడే మాత్ర ఏ జాతిదో, ఏమి చేస్తుందో తెలుసుకోవటం మంచిది.

మొదటి జాతి: ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి. వీటికి దగ్గరి చుట్టాలు లోసార్టాన్, టెల్మిసార్టాన్. పాలు వడకట్టే గుడ్డ చిరిగితే నలకలు దిగినట్లు, మూత్రపిండాల జల్లెడ పాడైతే ఆల్బుమిన్ అనే మాంసకృత్తి మూత్రంలోకి దిగుతుంది. అటువంటివారికి ఈ మందులు బి.పి. తగ్గించటమే గాక మూత్రపిండాలను కూడా కాపాడతాయి. ఎనలాప్రిల్ రకం కొందరికి పొడి దగ్గు తెస్తుంది. అప్పుడు లోసార్టాన్ రకానికి మారుస్తారు. రెండు రకాలూ కలిపి వాడరాదు. 2008లో వెలువడిన పరిశోధనలో కలిపి వాడినందువల్ల అదనపు మేలు లేదని, కీడు ఎక్కువని తేలింది. గర్భవతులు వీటిని వాడరాదు, బిడ్డకు ప్రమాదం. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకోవాలి.

రెండో జాతి: ఆమ్లోడిపిన్. బి.పి.ని బాగా దించుతుంది. కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. వస్తే డాక్టరుకు చెప్పాలి గాని మీరే మానరాదు.

మూడో జాతి: క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ వంటి నీటి మాత్రలు. నిలిచిన ఉప్పును, నీటిని మూత్రం ద్వారా పంపేస్తాయి. పొటాషియం, సోడియం తగ్గకుండా అప్పుడప్పుడు రక్తపరీక్ష అవసరం.

నాలుగో జాతి: అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి. గుండె జబ్బు ఉన్నవారికి ఎక్కువగా ఇస్తారు. ఇన్సులిన్ లేక కొన్ని షుగరు మాత్రలు వాడేవారికి చక్కెర మరీ పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు వస్తాయి. ఈ మందు ఆ గుర్తులను దాచవచ్చు. చెమట పట్టటం మాత్రం దాగదు. ఆ సంగతి ఇంట్లోవారికీ తెలిసి ఉండాలి.

ఒక్క మాత్రతో సరిపోకపోతే జబ్బు ముదిరిందని భయపడవద్దు. షుగరు ఉన్నవారిలో చాలామందికి రెండు, ఒక్కోసారి మూడు మందులు కావాలి. బ్రిటన్ పరిశోధనలో కూడా గట్టి అదుపు జట్టులో తొమ్మిదో ఏటికి నూటికి 29 మందికి మూడు లేక అంతకు మించి మందులు అవసరమయ్యాయి.

ఇక్కడ మూడు హెచ్చరికలు చేస్తున్నాం. ఒకటి: నడుము నొప్పికి, మోకాళ్ళ నొప్పికి దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మింగకండి. అవి బి.పి. పెంచుతాయి. పైన చెప్పిన మందులతో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రెండు: వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఎండదెబ్బకు ఒళ్ళు ఎండిపోయినప్పుడు మొదటి, మూడో జాతి మందులను, కొన్ని షుగరు మందులను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. అటువంటప్పుడు ఏం చేయాలో డాక్టరును ముందే అడిగి రాయించుకోండి. మూడు: పక్కింటివారి మాత్ర మీకు పనికిరాదు. ఒకే దాణా చూడి గేదెకు, పాలిచ్చే గేదెకు, ఒట్టిపోయిన గేదెకు సమానంగా పెట్టం గదా!

ఉప్పు, తిండి, పాలు

రోజుకు మనిషికి ఉప్పు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇందులో కూరలో వేసినదే గాక ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపలు అన్నిటిలోని ఉప్పూ లెక్కకు వస్తుంది. మజ్జిగలో ఉప్పు వేసుకొని, దానికి ఆవకాయ నంజుకుంటే ఆ పూటతోనే కోటా అయిపోతుంది. మజ్జిగలో ఉప్పు బదులు కరివేపాకు, అల్లం, నిమ్మరసం వేసుకోండి. నెల రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది. "తక్కువ సోడియం" ఉప్పు అని అమ్మే దానిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మొదటి జాతి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దానిని వాడరాదు.

పాలు మానాలా అని మమ్మల్ని అడిగేవారున్నారు. మాననక్కరలేదు. 1997లో అమెరికాలో వెలువడిన ఒక ఆహార పరిశోధనలో పండ్లు, కూరగాయలు, వెన్న తక్కువగా ఉన్న పాల పదార్థాలు కలిసిన భోజనం పెడితే, బి.పి. ఉన్నవారిలో పై అంకె 11 వరకు తగ్గింది. అయితే మన గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది. సంఘంలో ధర తెచ్చే వెన్న నడుము చుట్టూ చేరితే నష్టం. కాబట్టి మీగడ తీసిన పాలు, చిలికి వెన్న తీసిన మజ్జిగ వాడుకోండి. పాలలో సహజంగానే చక్కెర ఉంటుంది గనుక మోతాదు చూసుకోవాలి. టీలో వేరే పంచదార వద్దు.

పొలం పని, పశువుల పని చేసేవారికి వ్యాయామం ఎందుకని అనుకోవచ్చు. గడ్డి కోసి మోసేవారికి ఆ మాట నిజమే. కాని క్యాను మోటారు సైకిలు మీద పెట్టుకొని సంఘానికి వచ్చి, మిగతా రోజంతా అరుగు మీద కూర్చునేవారు రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు చురుకుగా నడవాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి. సారా, బ్రాంది బి.పి.ని పెంచుతాయి.

ఏడాదికి ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్టరాలు పరీక్షలు, కంటి వెనుక పొర పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకోవాలి. దూడకు టీకా వేయించే నెల గుర్తుంచుకున్నట్లే ఈ నెలను కూడా గుర్తుంచుకోండి.

సంఘం చేయగల పని

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ముప్పయి ఏళ్ళు దాటినవారికి బి.పి., షుగరు పరీక్షలు చేసి మాత్రలు ఉచితంగా ఇచ్చే జాతీయ కార్యక్రమం ఉంది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలి విడతలో ఎంపికైన రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. సౌకర్యం ఉన్నా, బాధ లేనప్పుడు పని మానుకొని వెళ్ళటానికి మనకు మనసు ఒప్పదు. ఈ లోటును సంఘం తీర్చగలదు.

మన సంఘానికి రోజుకు రెండుసార్లు జనం వస్తారు. పాల పరీక్ష పద్ధతి ప్రకారం జరుగుతుంది, లెక్క రాసే అలవాటు ఉంది. మహాజన సభలో తీర్మానం చేసి, చేతి పై భాగానికి కట్టే బి.పి. మిషను ఒకటి కొనండి. మణికట్టు మిషను వద్దు. గ్రామ ఆరోగ్య కార్యకర్త చేత కొలిచే పద్ధతి నేర్పించండి. పదిహేను రోజుల బిల్లు ఇచ్చే రోజున, పాల రద్దీ తగ్గిన తరువాత, సభ్యులను కూర్చోబెట్టి కొలిచి, తేదీతో కార్డు మీద రాయండి. సభ్యులనే గాక ఇంట్లో పాలు పితికే ఆడవారిని కూడా పిలవండి. వైద్యం మన పని కాదు. అంకె రాసి, ఎక్కువ ఉన్నవారిని డాక్టరు దగ్గరకు పంపటం వరకే మన పని. ఒకరి అంకె మరొకరికి చెప్పరాదు.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో షుగరు ఉన్నవారిలో ఎందరు గడచిన మూడు నెలల్లో బి.పి. చూపించుకున్నారు?
2. బి.పి. సరిగా వచ్చిందని మాత్ర మానితే ఏమవుతుంది? బ్రిటన్ పరిశోధన రెండో భాగం ఏమి చెబుతున్నది?
3. మన ఇంట్లో రోజుకు ఎంత ఉప్పు ఖర్చవుతున్నది? నెలకు కొన్న ఉప్పును మనుషుల సంఖ్యతో, రోజుల సంఖ్యతో భాగించి చూడండి. పచ్చళ్ళకు, పశువులకు వాడినది వేరుగా రాయండి.
4. నొప్పుల మాత్రలు ఎవరెవరు వాడుతున్నారు? డాక్టరుకు ఆ సంగతి చెప్పారా?
5. మిషను కొనటానికి తీర్మానం ఎప్పుడు పెడదాం?

పాల సంఘానికి గేదె ఎంత ముఖ్యమో, తెల్లవారుజామున లేచి దాని పొదుగు కడిగే మనిషి అంతకంటే ముఖ్యం. మన ఊళ్ళో షుగరు ఉన్న ప్రతి సభ్యుని బి.పి. అంకె వచ్చే బిల్లు రోజుకు కార్డు మీదికి ఎక్కాలని కోరుతున్నాం.